కత్తి బలమా, చేతి నేర్పా?



ఈనాటి ప్రసంగ విషయం విని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పోరాటాలుండే వీడియో గేముల్లో మన దెబ్బ బలాన్ని పెంచే ఆయుధాలు, హంగులు దొరుకుతుంటాయి. వాటిలో కొన్ని తప్పనిసరి కావు. తీసుకోకపోయినా ఆట సాగుతుంది. మరి తీసుకోవాలా, వద్దా?

ఈ ప్రశ్న వేసినవాడు మా మేనల్లుడు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు స్నేహితుడితో ఫోనులో గంటసేపు వాదించి, చివరికి నా దగ్గరకు వచ్చాడు. "మావయ్యా, దొరికిన బలమంతా తీసుకుంటే అది ఆడి గెలిచినట్టు కాదంటాడు వాడు. చేతికందింది వదులుకోవడం తెలివితక్కువతనం అంటాను నేను. మీరేమంటారు?" అన్నాడు.

నేను వెంటనే తీర్పు చెప్పలేదు. ఏ వాదంలోనైనా ముందు కొలవాలి, తరువాత మాట్లాడాలి. మనం కూడా అలాగే చేద్దాం.

ఉదాహరణకు ఒక పాత ఆటను తీసుకుందాం. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1986లో 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' అనే ఆటను విడుదల చేసింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. ఆట మొదలయ్యే చోటే ఒక గుహ ఉంటుంది. అందులోని ముసలాయన మనకు కొయ్య కత్తి ఇస్తాడు. విశేషమేమిటంటే, ఆ గుహలోకి వెళ్లకుండానే ముందుకు సాగిపోవచ్చు. కత్తి లేకుండా దాదాపు ఆట మొత్తం పూర్తి చేయవచ్చు. చివరి శత్రువు గానన్‌ను జయించడానికి మాత్రం ఏదో ఒక కత్తి ఉండి తీరాలి.

కొయ్య కత్తి దెబ్బ విలువ 1 అనుకుంటే, తరువాత దొరికే తెల్ల కత్తి విలువ 2, మాయా కత్తి విలువ 4. ఇవి రెండూ ఊరికే రావు. ఆటగాడి ప్రాణశక్తిని హృదయాల రూపంలో చూపిస్తారు. మొదట ఉండేవి 3. అవి 5 అయితేనే తెల్ల కత్తి, 12 అయితేనే మాయా కత్తి ఇస్తారు. అంటే కొంత తిరిగి, కొంత పోరాడినవారికే ఆ బలం దక్కుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆ ఆటలో నీలి డార్క్‌నట్ అనే కవచధారి ఉన్నాడు. అతని బలం 8. కొయ్య కత్తితో 8 దెబ్బలు, తెల్ల కత్తితో 4, మాయా కత్తితో 2 సరిపోతాయి. కానీ ఎదురుగా కొడితే అతని డాలు అడ్డుకుంటుంది. పక్క నుంచో వెనుక నుంచో కొట్టాలి. ఏ కత్తి పట్టుకున్నా ఈ నియమం మారదు. బలమైన కత్తి దెబ్బల సంఖ్యను తగ్గిస్తుంది, అంతే. పక్కకు తప్పుకునే నేర్పును అది మనకు ఇవ్వదు.

ఒక్కొక్కసారి ఆ బలం వృథా కూడా అవుతుంది. శత్రువు బలం 1 అయితే ఏ కత్తితోనైనా ఒక్క దెబ్బే. శత్రువు బలం 3 అయితే తెల్ల కత్తితో ఒకటిన్నర దెబ్బలు అని లెక్క వస్తుంది గాని, అర దెబ్బ కొట్టలేం కదా! రెండు కొట్టాల్సిందే. కాబట్టి బలం రెట్టింపయినంత మాత్రాన పని ప్రతిచోటా సగం కాదు.

ఇంకొంచెం లోతుకు వెళదాం. మీరు ఒక్కో దెబ్బ కొట్టబోయినప్పుడు ఎదురుదెబ్బ తినే అవకాశం పదింట ఒకటి అనుకోండి. ఇది లెక్క కోసం మనం అనుకున్న సంఖ్య మాత్రమే. క్షేమంగా బయటపడే అవకాశం ఒక్కో దెబ్బకు 0.9. కొయ్య కత్తితో 8 దెబ్బలూ గాయపడకుండా కొట్టాలంటే 0.9ను ఎనిమిదిసార్లు హెచ్చవేయాలి. వచ్చేది సుమారు 43 శాతం. తెల్ల కత్తితో నాలుగుసార్లే కాబట్టి సుమారు 66 శాతం. మాయా కత్తితో 81 శాతం.

ఇప్పుడు కత్తి మార్చకుండా చేతిని మార్చి చూద్దాం. సాధన వల్ల మీ పొరపాటు పదింట ఒకటి నుంచి ఇరవైయింట ఒకటికి తగ్గిందనుకోండి. అదే కొయ్య కత్తితో 0.95ను ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే ఎంత? సుమారు 66 శాతం! అంటే కత్తి బలం రెట్టింపు కావడమూ, చేతి పొరపాటు సగానికి తగ్గడమూ దాదాపు ఒకే ఫలితాన్ని ఇస్తున్నాయి. తేడా ఒక్కటే. కత్తి ఆ ఆటలోనే ఉండిపోతుంది. చేతి నేర్పు మీ వెంట వస్తుంది.

"అయితే వాడిదే గెలుపా?" అన్నాడు మా వాడు. తొందరపడవద్దన్నాను.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1994లో 'వాంఛనీయ కష్టాలు' అనే భావనను ప్రతిపాదించారు. కొన్ని కష్టాలు అప్పటికి మన వేగాన్ని తగ్గించినా, నేర్చుకున్నది ఎక్కువకాలం నిలిచేలా చేస్తాయని దాని సారాంశం. అయితే ప్రతి కష్టమూ వాంఛనీయం కాదు. మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మరో శాస్త్రవేత్త 1975లో ప్రచురించిన గ్రంథంలో, సవాలు నేర్పును మించిపోతే ఆందోళన, నేర్పు సవాలును మించిపోతే విసుగు కలుగుతాయని వివరించారు. ఈ రెంటికీ నడుమనే మనసు పనిలో లీనమవుతుంది.

అందుచేత ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఓడిపోయిన ప్రతిసారీ 'ఎందుకు ఓడాను?' అని ప్రశ్నించుకోండి. ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగితే ఆ కష్టం మీకు పాఠం చెబుతోంది. అదనపు బలం అప్పుడే వద్దు. పదిసార్లు ఓడినా కారణం తెలియకపోతే అక్కడ మీరు నేర్చుకుంటున్నది ఏమీ లేదు. బలం తీసుకోండి, తప్పు లేదు. చూడకుండానే గెలుస్తుంటే తీసుకున్నదాన్ని పక్కన పెట్టండి.

అందరి చేతులూ ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. 2018లో వచ్చిన 'సెలెస్ట్' అనే ఆటలో వేగం తగ్గించుకునే సదుపాయం, దెబ్బ తగలకుండా చేసుకునే సదుపాయం కల్పించారు. వేళ్లు చురుకుగా కదలనివారికి అది ఆటలోకి తెరిచిన తలుపు. దాన్ని వాడుకున్నవారిని ఎగతాళి చేయడం సంస్కారం కాదు.

మరొక హెచ్చరిక. బలాన్ని డబ్బుకు అమ్మే ఆటలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అక్కడ ఆట కష్టంగా ఉన్నది మీకు నేర్పడానికా, మీ చేత కొనిపించడానికా? డబ్బు చెల్లించేముందు ఈ ప్రశ్న తప్పక వేసుకోండి.

చివరగా నా సంగతి ఒకటి చెప్పాలి. ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో పదో తరగతి పిల్లలకు కటకాల పాఠం చెప్పాను. వాళ్లు కష్టపడుతుంటే చూడలేక, కిరణ చిత్రాలు గీయించడం మాని, సూత్రాన్నీ దాన్ని వాడే అడ్డదారినీ బట్టీ పట్టించాను. యూనిట్ పరీక్షలో అందరికీ మంచి మార్కులు వచ్చాయి. నేను పొంగిపోయాను. వార్షిక పరీక్షలో బొమ్మ గీసి వివరించమన్నారు. బయటకు వచ్చిన పిల్లల్లో ఒకడు, "ఇది మీరు మాతో గీయించలేదు కదా సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నేను మరచిపోలేదు. వాళ్ల చేతికి మాయా కత్తి ఇచ్చాననుకున్నాను. పక్కకు తప్పుకోవడం మాత్రం నేర్పలేదు.

ఇదంతా విన్న మా మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ముందు కొయ్య కత్తితో పదిసార్లు ఆడి చూస్తాను మావయ్యా. ఎక్కడెక్కడ దెబ్బ తిన్నానో రాసుకుంటాను" అన్నాడు.

మీరూ అలాగే చేసి చూడండి. బలం లేకుండా పదిసార్లు, బలంతో పదిసార్లు ఆడండి. నోటుపుస్తకంలో రెండు గడులు గీసి, ఎక్కడ గాయపడ్డారో, ఎందుకో నమోదు చేయండి. ఆ తరువాత మీ లెక్కల పుస్తకాన్నీ, పక్కనున్న గైడునూ ముందు పెట్టుకుని అదే ప్రయోగం చేయండి. జవాబు నేను చెప్పనవసరం లేదు. మీ పట్టికే చెబుతుంది.