ఉద్యోగ్, ఉద్యోగం: ఇరుగుపొరుగు వర్తకానికి వ్యాపారుల మద్దతు

(టికియాపారాలో తెలుగు కుటుంబాల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుంచి తెలుగులోనికి అనువదించటం నా వృత్తి. ఈ రెండు భాషలకు సంస్కృత పదసంపద ఉమ్మడి ఆస్తి గనుక ఆ పని సులువని పలువురు భావిస్తారు. నిజానికి చిక్కులు వచ్చేది ఆ ఉమ్మడి మాటలతోనే. హిందీలో 'ఉద్యోగ్' అంటే పరిశ్రమ. మనకు ఉద్యోగమంటే నెల తిరిగేసరికి జీతం తెచ్చే కొలువు. హిందీలో 'సమర్థన్' అంటే మద్దతు. తెలుగులో సమర్థించటమంటే మద్దతు ఇవ్వటమే కాదు, తాను చేసిన పనికి తానే న్యాయం చూపుకోవటం కూడా. స్వేచ్ఛా వర్తక ఒప్పందానికి ఉద్యోగ్ జగత్తు సమర్థన్ పలికినదని హిందీలో ఒక వాక్యం వచ్చినదనుకోండి. తెలుగు చేయబోతే కలం ఆగుతుంది. పరిశ్రమాధిపతుల మద్దతు అక్కడ పనిచేసేవారి ఉద్యోగానికి కూడా మద్దతేనా? వారు ఒప్పందాన్ని బలపరుస్తున్నారా, లేక తమ లాభాన్ని సమర్థించుకొంటున్నారా? ఈ సాయంకాలం ఈ రెండు ప్రశ్నలను మీ ముందు ఉంచదలచుకొన్నాను.

వాటిని ఇక్కడ ఉంచటం సమంజసమే. మన పక్కనే ఆగ్నేయ రైల్వే మార్గమున్నది. కూతవేటు దూరంలో బెలిలియస్ రోడ్డు పొడవునా లేతు మిషన్లు, పోతపని కొలుములు. హౌరా స్టేషను దగ్గరి టోకు చేపల బజారులో ఆంధ్ర దేశపు చేప మంచుపెట్టెలలో దిగుతుంది. అక్కడినుంచి ఈశాన్యంగా లారీ కొన్ని గంటలు ప్రయాణం చేస్తే పెట్రాపోల్ సరిహద్దు, దాని కావల బంగ్లాదేశ్‌లోని బేనాపోల్. ప్రాంతీయ వర్తకం మనకు గ్రంథాలలోని విషయం కాదు, గడప ముందరి విషయం.

దక్షిణాసియా దేశాల మధ్య సుంకాలలో రాయితీలు ఇచ్చిపుచ్చుకొనే మొదటి ఒప్పందం మీద 1993లో ఢాకాలో సంతకాలైనవి. అది 1995 డిసెంబరులో అమలుకు వచ్చినది. తరువాత 2004 జనవరి 6న ఇస్లామాబాద్ శిఖరాగ్ర సమావేశంలో 'సాఫ్టా' అనే దక్షిణాసియా స్వేచ్ఛా వర్తక ప్రాంత ఒప్పందం కుదిరి 2006లో అమలైనది. క్రమంగా సుంకాలను సున్న నుంచి అయిదు శాతం లోపునకు దించటం దాని సంకల్పం. అయితే ప్రతి దేశమూ ఒక సున్నిత జాబితాను అట్టిపెట్టుకొన్నది. ఆ జాబితాలోని సరుకులకు రాయితీ వర్తించదు. పెండ్లి పిలుపు ఇచ్చి, వంటింటికి తాళం వేసినట్లు! ఏ సరుకు పొరుగున చవకగా తయారవుతున్నదో, ఆ సరుకే చాలాసార్లు సున్నితమై కూర్చున్నది. 2018లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన నివేదిక ప్రకారం దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకొనే వర్తకం వాటి మొత్తం వర్తకంలో అయిదు శాతం ప్రాంతమే.

ఇదంతా వ్యాపారులకు తెలియనిది కాదు. ప్రభుత్వాల ఒప్పందానికి ముందే, 1992లో, సార్క్ దేశాల వర్తక సంఘాలన్నీ కలిసి ఒక వాణిజ్య పారిశ్రామిక మండలిని ఏర్పరచుకొన్నవి. జాబితాలు కుదించండి, వీసాలు సులభం చేయండి, సరిహద్దులో గిడ్డంగులు కట్టండి అని అవి కోరుతూనే వచ్చినవి. రాజకీయ కారణాల వలన ప్రభుత్వాలు మాట్లాడుకోలేని రోజులలో కూడా వర్తకులు ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతూ ఉండటం మెచ్చుకోదగినదే. ఆ మద్దతు బూటకమని నేను అనను. కాని అది ఎక్కడ గట్టిదో, ఎక్కడ పలుచనిదో చూడవలసి ఉన్నది.

గట్టిగా ఉన్న చోటును చెప్పటానికి గుంటూరు మిరపకాయను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. గుంటూరు ఎండుమిర్చిని బంగ్లాదేశ్ ఎప్పటినుంచో కొంటున్నది. సరుకు లారీల మీద పోయేది, టన్నుకు దాదాపు 7,000 రూపాయలు ఖర్చయ్యేది. 2020లో కరోనా నిర్బంధాలు వచ్చి లారీలు కదలని స్థితి ఏర్పడినది. గూడ్సు రైలులో పంపుదామంటే ఒక్కసారిగా 1,500 టన్నులకు పైగా సమకూర్చాలి. అంత సరుకు ఒకచోట చేర్చటం చిన్న వర్తకునికి, రైతుకు సాధ్యమా? అప్పుడు రైల్వేవారు వర్తకులతోను, రైతులతోను మాట్లాడి ప్రత్యేక పార్సెలు రైలు ఏర్పాటు చేశారు. ఆ సంవత్సరం జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి పదహారు పార్సెలు పెట్టెలలో సుమారు 384 టన్నుల ఎండుమిర్చి బయలుదేరి బేనాపోల్ చేరినది. పార్సెలు రైలు మన దేశపు ఎల్లలు దాటటం అదే ప్రథమం. ఖర్చు టన్నుకు 4,608 రూపాయలకు దిగినది.

గమనించండి, అక్కడ సుంకం ఒక్క పైసా తగ్గలేదు. కొత్త ఒప్పందం మీద ఎవరూ సంతకం చేయలేదు. తగ్గినది కిరాయి. మారినది ఒక్కటే: ఎంత సరుకు ఉంటే రైలు ఇస్తామన్న నిబంధన. మిరప యార్డులో టిక్కీలు తూకం వేయించుకొనే మనిషికి ఒప్పందంలోని అధికరణాలు తెలియకపోవచ్చు, కాని పెట్టె దొరికినదో లేదో తెలుస్తుంది. వ్యాపారుల మద్దతు అటువంటి చోట పుడుతుంది. పెట్రాపోల్ దగ్గర లారీలు దినాల తరబడి నిలబడటం, ఇవతలి లారీ నుంచి అవతలి లారీకి సరుకు మార్చటం మనవారికి కొత్త కాదు. సరుకు ఆ సరిహద్దు దాటటానికి కొన్ని దినాలు పడుతున్నదని, తూర్పు ఆఫ్రికాలో అంతే రద్దీగల సరిహద్దు ఆరు గంటలలోపున దాటుతున్నదని 2021లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఒకటి తెలిపినది. సుంకం సున్న అయినా, నిలబడిన లారీకి రోజువారీ కిరాయి సున్న కాదు గదా!

ఇక పలుచనైన చోటు. అది మనకు మరీ దగ్గర, ఈ హుగ్లీ ఒడ్డుననే ఉన్నది. గత శతాబ్దిలో గంజాం, విశాఖ మండలాల నుంచి ఎందరో తెలుగువారు ఈ నదీతీరపు జూట్ మిల్లులకు పొట్ట చేత పట్టుకొని వచ్చారు. అటు నెల్లిమర్లలో, ఏలూరులో కూడా జూట్ మిల్లులు వెలసినవి. ఉత్తరాంధ్ర మెట్ట రైతు గోగునార పండించి వాటిని పోషించాడు. కనుక గోనెసంచి మాట వస్తే హౌరా, విజయనగరం ఒకే కుటుంబం. బంగ్లాదేశ్ నుంచి గోనెగుడ్డ, సంచులు, నూలు చవకగా దిగసాగినవి. అక్కడి ప్రభుత్వం ఎగుమతిదారులకు నగదు ప్రోత్సాహకం ఇస్తున్నదని ఇక్కడి మిల్లులు ఫిర్యాదు చేసినవి. విచారణ జరిగి 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుల మీద కారుచౌక దిగుమతుల నిరోధక సుంకం పడినది. 2022 చివర మరి అయిదేండ్లకు పొడిగించబడినది.

ఈ కోరికను నేను తప్పు పట్టను. ధాన్యానికి, చక్కెరకు గోనెసంచులే వాడాలని 1987లో చేసిన చట్టం నీడన నిలిచిన పరిశ్రమ అది. దానిలో వేలాది కుటుంబాల కూడు ఉన్నది. నేను అడిగేది వేరు. 2011లో మన దేశం బంగ్లాదేశ్ వంటి వెనుకబడిన దేశాలకు మద్యం, పొగాకు వంటి ఇరవై అయిదు సరుకులు తప్ప తక్కిన అన్నింటికి సుంకం లేని ప్రవేశం ఇచ్చినది. దుస్తులు కుట్టించే మన వ్యాపారులు అభ్యంతరం చెప్పారు, అవే దుస్తులు తెప్పించి అమ్ముకొనే వ్యాపారులు సంతోషించారు. ఇద్దరిదీ 'ఉద్యోగ్ జగత్తే'! అప్పుడు ఆ జగత్తు ఏకకంఠంతో మద్దతు తెలిపినదన్న వాక్యానికి అర్థమేమిటి? ఎదుటివాని వాకిలి తెరవమనటానికి అందరూ ముందుంటారు. తన సరుకులో ఏ ఒక్కదానికి తలుపు తీయటానికి ఒప్పుకొన్నదో చెప్పిన సంఘం మద్దతును మాత్రమే నేను తూకంలో వేస్తాను.

బెలిలియస్ రోడ్డు సంగతి క్లుప్తంగా చెప్పి వదులుతాను. 2019 నవంబరు 4న బాంగ్‌కాక్‌లో, చైనాతో సహా తూర్పు దేశాలు తలపెట్టిన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యంలో చేరబోమని భారతదేశం ప్రకటించినది. ఉక్కు పరిశ్రమ, పాడి సహకార సంఘాలు ఆ నిర్ణయాన్ని కోరుకొన్నవి. ఎగుమతుల మీద దృష్టిగల పారిశ్రామిక వర్గాలలో చేరి ఉండవలసినదన్నవారూ లేకపోలేదు. పోతపనివాడు ఈ రెంటిమధ్య ఇరుకున పడ్డాడు. చైనా సామానుతో పోటీ అంటే భయం, తాను పోసిన మ్యాన్‌హోల్ మూత విదేశాలకు పోవాలని ఆశ. రెండూ ఒకే మనిషివి. అతనిని ఏ సంఘమూ పిలిచి అడిగినట్లు లేదు.

చేపల మాట చెప్పకుండా హౌరాలో ప్రసంగం ముగించటం కుదరదు. కొల్లేటి ప్రాంతం నుంచి, కైకలూరు, ఆకివీడు, భీమవరం నుంచి రోహు, కట్ల ఇక్కడికి వస్తున్నవి. వంగ గృహిణి దానిని 'చాలానీ' అని కాస్త చిన్నచూపు చూసినా, కొంటుంది. ఎల్లలు లేని స్వేచ్ఛా వర్తకానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి? అయినా 2018 జూలైలో, చేపలలో ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో అస్సాం బయటి రాష్ట్రాల చేపను కొద్ది రోజులు నిషేధించినది. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్ర చేపకు అదే గతి పట్టినది. ప్రజల ఆరోగ్యం కొరకు పరీక్షించటం న్యాయమే. కాని ముందుగా పరీక్ష, తరువాత నిషేధం రావాలి. ఒకే దేశంలో, ఒకే పన్ను విధానం క్రింద, రాత్రికి రాత్రి తలుపు మూయగలిగినప్పుడు దేశాల మధ్య సంగతి చెప్పేదేమున్నది! బంగ్లాదేశ్ 2012లో ఇలిష్ ఎగుమతిని ఆపివేసినది. 2019 నుంచి దుర్గాపూజ వేళలలో మాత్రం కొంత కొంత అనుమతించింది. మన గోదావరి పులసకు సొంత అన్న అయిన ఆ చేప కొరకు హౌరా వర్తకుడు ఏటా ఢాకా వైపు చూడవలసి వచ్చినది. 2025లో ఇరువైపులా కట్టడులు పెరిగినవి. ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గాన మన నూలును ఆపినది. మే నెలలో మన ప్రభుత్వం అక్కడి దుస్తులను భూమార్గాన రానీయక, కోల్‌కతా, నావా షేవా ఓడరేవుల గుండా మాత్రమే రమ్మన్నది. దేని కారణాలు దానికి ఉండవచ్చు. నష్టపోయేది దారిలో ఉన్న సరుకు, ఆ సరుకును మోసే హమాలీ.

చివరగా నా వృత్తికి చెందిన ఒక మనవి. సాఫ్టా రాయితీ కావాలంటే సరుకు ఈ దేశంలోనే పుట్టినదని ధ్రువపత్రం చూపాలి. బయటి ముడిపదార్థం విలువ సరుకు విలువలో అరవై శాతం మించరాదని మన ఎగుమతులకు సాధారణ నియమం. వెనుకబడిన దేశాలకు డెబ్బై శాతం. ఈ లెక్క, ఆ పత్రం నింపే పద్ధతి గుంటూరు కమీషను వ్యాపారికి తెలుగులోను, బెలిలియస్ రోడ్డు కార్ఖానాదారుకు హిందీలోను, బంగ్లాలోను చిన్న పుస్తకంగా చేతికి అందాలి. పెద్ద సంస్థకు న్యాయవాది ఉంటాడు, చిన్నవానికి చదువుకోదగిన కాగితమే న్యాయవాది. వర్తక సంఘాలు తమ మద్దతును చూపదలిస్తే ఈ పని వారు చేయవచ్చు. అనువాదానికి మావంటివారము సిద్ధముగా ఉన్నాము. అలాగే ఏ ఒప్పందం మీద సంఘాల అభిప్రాయం అడిగినా, ఆ బల్ల దగ్గర కార్మికుల యూనియన్లకు, గోగు రైతుకు కూడా ఒక కుర్చీ వేయమని మనం అడగవచ్చు.

మీలో జూట్ మిల్లులో పనిచేసినవారు, రైల్వే పార్సెలు ఆఫీసు అనుభవం ఉన్నవారు ఇక్కడ కూర్చున్నట్లు విన్నాను. నేను చెప్పిన దానిలో మీ అనుభవానికి విరుద్ధమైనది ఉంటే ఇప్పుడే లేచి చెప్పవలసినదిగా కోరుతున్నాను.