అలీబాబా గొడ్డలి, రాకుమారుడి కత్తి: తెలుగు తెర మీద అరబ్బు సాహసగాథలు

మానుకోటలో సమావేశమైన ఈ సాహిత్య సదస్సు చర్చకు ఎంచుకున్న అంశం అరబ్బు ఎడారి నేపథ్యంగా హాలీవుడ్ తీసిన పాత సాహస చిత్రాలు, వాటికీ తెలుగు జానపద చిత్రాలకూ గల సంబంధం కాబట్టి, ముందుగా ఆ చిత్రాల తీరును స్థూలంగా చెప్పుకోవడం అవసరం. ఆంగ్లంలో స్వాష్‌బక్లర్ అని పిలిచే ఈ కోవ చిత్రాల్లో కథానాయకుడు కత్తి చేతబట్టి మేడల మీంచి దూకుతాడు, తెరలు పట్టుకుని ఊగుతాడు, దుష్టమంత్రిని ఓడించి రాకుమారిని చేపడతాడు. 1924లో రౌల్ వాల్ష్ దర్శకత్వంలో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన మూకీ చిత్రం ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ ఈ కోవను బాగ్దాద్ వీధుల్లోకి తీసుకువచ్చింది; ఎగిరే తివాచీ, మాయాశ్వం, మినార్ల నగరం ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు ఇలాంటి చిత్రాలకు ముడిసరుకయ్యాయి.

ఆ చిత్రాలను వరసబెట్టి చూస్తే, కథానాయకుడి పుట్టుక విషయంలో హాలీవుడ్‌కు ఉన్న బెంగ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 1921లో రుడాల్ఫ్ వాలెంటినోకు ఎనలేని పేరు తెచ్చిన ‘ది షేక్’లో ఎడారి నాయకుడు చివరికి ఆంగ్లేయ తండ్రికీ స్పెయిన్ తల్లికీ పుట్టినవాడని తేలుతుంది, అతడు అరబ్బు కాడని తేలాకే కథ సుఖాంతమవుతుంది. ఫెయిర్‌బ్యాంక్స్ పోషించిన అహ్మద్ నిజంగానే వీధి దొంగ, కానీ 1940లో అలెగ్జాండర్ కోర్డా ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ పేరుతోనే నిర్మించిన రంగుల చిత్రంలో ఆ ఒక్క పాత్ర రెండుగా చీలి, ప్రేమా సింహాసనమూ రాజైన అహ్మద్‌కు దక్కగా, దొంగతనమూ సాహసమూ అబూ అనే కుర్రవాడి వంతయ్యాయి. బ్రిటన్‌లో మొదలై యుద్ధం కారణంగా అమెరికాలో పూర్తయిన ఆ చిత్రంలో అబూగా నటించిన సాబూ మైసూరు సంస్థానానికి చెందిన ఒక మావటివాని కొడుకు. సినిమాను తన భుజాల మీద మోసినది అతడే అయినా రాకుమారి మాత్రం అతనికి కాదు. 1951లో టోనీ కర్టిస్ నటించిన ‘ది ప్రిన్స్ హూ వాజ్ ఎ థీఫ్’లో దొంగల ఇంట పెరిగిన నాయకుడు పుట్టుకతో రాకుమారుడన్న సంగతి పేరులోనే చెప్పేశారు.

వీటన్నిటికన్నా పరిశీలించదగినది 1944 నాటి ‘అలీబాబా అండ్ ది ఫార్టీ థీవ్స్’. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లో ప్రసిద్ధమైన ఈ కథ నిజానికి పాత అరబ్బీ రాతప్రతుల్లో లేదు. ఆ కథలను 1704 నుంచి 1717 దాకా ఫ్రెంచిలో సంపుటాలుగా వెలువరించిన ఆంత్వాన్ గల్లాండ్, అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ నోట 1709లో విని దీన్ని చేర్చాడు. ఆ కథలో అలీబాబా అడవిలో కట్టెలు కొట్టి గాడిదల మీద తోలుకువచ్చి అమ్ముకునే పేదవాడు. అతని అన్న కాసిం ధనవంతుడు, లోభి. గుహలో నిధి అలీబాబాకు దొరికినా, దొంగలు దాక్కున్న జాడీల్లో మరిగే నూనె పోసి, ఆపై దొంగల నాయకుణ్ణి కత్తితో పొడిచి ఇంటిని కాపాడినది మర్జియానా అనే దాసి. హాలీవుడ్ ఈ కథను చేపట్టినప్పుడు అలీబాబాను ఖలీఫా కొడుకును చేసింది, నలభై మంది దొంగలను హులాగూఖాన్ మీద తిరగబడిన దేశభక్తులను చేసింది, దాసి బుద్ధిబలాన్ని పక్కన పెట్టి అందాల రాకుమారిని నిలబెట్టింది. గొడ్డలి పోయి కత్తి మిగిలింది.

తెలుగు తెర ఇందుకు భిన్నమైన దారి పట్టింది. హాలీవుడ్‌లో టోనీ కర్టిస్ చిత్రం వచ్చిన 1951లోనే, మార్చి 15న, విజయా వారి ‘పాతాళభైరవి’ విడుదలైంది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం కలిసిన ఈ చిత్రానికి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలతోపాటు అల్లావుద్దీన్ కథ కూడా ఆధారం. అల్లావుద్దీన్‌ను మోసగించే మగ్రిబ్ మాంత్రికుడు ఇక్కడ నేపాళ మాంత్రికుడయ్యాడు, దీపం ప్రతిమగా మారింది, అల్లావుద్దీన్ మేడ ఉజ్జయినికి చేరింది. ఇన్ని మారినా తోటమాలి కొడుకు మాత్రం తోటమాలి కొడుకుగానే ఉండిపోయాడు. తోటరాముడు నిజానికి ఏ రాజు బిడ్డో అని చివరి రీలులో బయటపడదు. రాకుమారి ఇందుమతిని కోరిన నేరానికి పట్టుబడిన అతనికి రాజు పెట్టిన షరతు తనతో సరితూగే సంపద తెమ్మని. అంటే అడ్డుగోడ డబ్బే కాబట్టి దాన్ని సాహసంతో దాటవచ్చు. నేల టికెట్టు కొని కూర్చున్న ప్రేక్షకుడికి ఈ కథ ఎందుకంత నచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. 1952 జనవరిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఈ చిత్రానికి అందిన గౌరవం కన్నా, తోటరాముడి పేరు ఊరూరా వాడుక మాటలా స్థిరపడటమే పెద్ద గుర్తింపు.

1970లో బి.విఠలాచార్య తీసిన ‘అలీబాబా 40 దొంగలు’లోనూ ఎన్.టి.రామారావు పోషించిన అలీబాబా కట్టెలు కొట్టేవాడే. రెండేళ్ల ముందు డి.యోగానంద్ దర్శకత్వంలో వచ్చిన ‘బాగ్దాద్ గజదొంగ’లోనూ ఆయనే నాయకుడు, శ్రీకృష్ణుడిగా కొలిచిన నటుణ్ణే బాగ్దాద్ వీధుల్లో చూసిన తెలుగు ప్రేక్షకుడు ఏ ఇబ్బందీ పడలేదు. అయితే తెలుగు జానపద చిత్రాలన్నీ సామాన్యుణ్ణే పట్టాభిషిక్తుణ్ణి చేశాయనడం సత్యదూరం. కోదాడ సమీపంలోని గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు, కత్తి కాంతారావుగా పేరుపడి, విఠలాచార్య చిత్రాల్లో ఎన్నోసార్లు రాకుమారుడయ్యాడు. ఆయన ఆత్మకథ పేరు కూడా ‘అనగనగా ఒక రాకుమారుడు’. తెలంగాణ పల్లె నుంచి వెళ్లిన ఆయనకూ, ప్రతినాయకుడు రాజనాలకూ తెర మీద జరిగిన కత్తియుద్ధాలు, ఫెయిర్‌బ్యాంక్స్ ఒరవడిని తెలుగువారు ఎంతగా సొంతం చేసుకున్నారో చూపుతాయి.

సాంకేతికంగానూ ఈ సొంతం చేసుకోవడం గమనించదగినది. 1940 నాటి ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో లారెన్స్ బట్లర్ నీలి తెర ముందు నటుణ్ణి చిత్రించి, ఆ నీలాన్ని తొలగించి వేరే దృశ్యంతో కలిపే పద్ధతిని రంగుల్లో సాధించి ఆస్కార్ అందుకున్నాడు. మద్రాసు స్టూడియోల్లో ఆ వసతి లేని రోజుల్లో తెలుగు ఛాయాగ్రాహకులు మాస్క్ షాట్ మీద ఆధారపడ్డారు; అంటే కటకం ముందు సగభాగాన్ని నల్లని అట్టతో మూసి ఒక దృశ్యం తీసి, ఫిలింను వెనక్కి తిప్పి, మూసిన భాగాన్ని తెరిచి, తీసిన భాగాన్ని మూసి రెండోసారి తీయడం. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాలూ అతకవు, తప్పు తెలిసేది ఫిలిం కడిగాకే. అందులో ఉన్న ఓర్పూ నైపుణ్యమూ ఏ బహుమతికీ తీసిపోవు.

ఇక తెలంగాణ వరకు చూస్తే, అరబ్బు హాలీవుడ్ చెబితే తెలిసినవాడు కాదు. నిజాం కొలువులో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు ఉండేవారు. వారి సంతతి నేటికీ హైదరాబాదు బార్కస్‌లో నివసిస్తున్నది. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు, ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకుని, సినిమా పుట్టకముందే పల్లె కథకుల నోట తిరిగాడు. దాస్తాన్లు, అంటే సాహస వీరుల దీర్ఘ కథలు, ఉర్దూ బడుల ద్వారా ఇక్కడి పిల్లలకు చేరాయి. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి.నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’తో సినీ గేయ రచన ఆరంభించడం ఈ సంగతికి చక్కటి నిదర్శనం, పారసీకం నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలుగుకు నడిచివచ్చిన కథకు ఆ నుడికారం ఎరిగిన కవి దొరికాడు. మహబూబాబాద్ జిల్లాలోని చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి, నిజాం రాచరికాన్ని ఎదిరించి జైలుకు వెళ్లినవాడై ఉండి కూడా, ఉర్దూ కవి గాలిబ్‌ను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేశాడు. పాలకుడి మీది కోపాన్ని భాష మీద చూపని ఆ వివేకం ఈ సదస్సుకు శిరోధార్యం.

జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథుడు బసవపురాణంలో చాకలి మాచయ్యను, బోయ కన్నప్పను భక్తుల ముందువరుసలో నిలిపిన సంగతి కూడా పరిశోధకులు మరువరాదు. తోటరాముడికీ వారికీ నేరుగా చుట్టరికం కలపడం తొందరపాటే గానీ, తక్కువ పుట్టుక వాడిని పెద్దచేసే కథ ఈ నేలకు కొత్తది కాదని చెప్పడానికి జంకనక్కరలేదు.

ఈ దిశగా వెంటనే చేయవలసిన పని ఒకటి ఉంది. థియేటర్ల బయట అమ్మిన పాటల పుస్తకాలు, గోడ పోస్టర్లు, కరపత్రాలు జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల పాత ఇళ్లలో ఎక్కడైనా మిగిలి ఉంటే సేకరించాలి. ఉర్దూలో చదివి తెలుగులో పాటలు విన్న తరం బతికి ఉండగానే, ఆ చిత్రాలను వారు ఎలా అర్థం చేసుకున్నారో వారి మాటల్లోనే నమోదు చేయాలి. అలీబాబా కథను తొలుత ఎక్కడ విన్నారు, తెర మీదనా, బడిలోనా, ఇంట్లో ముసలివాళ్ల నోటనా అన్నది వారిని అడగవలసిన మొదటి ప్రశ్న.