ఆదాయము పెరిగిన పిదప అందిన సాయము



ఈ వార్షిక మహాసభలో విద్యావిషయమునుగూర్చి యుపన్యసింపుడని కార్యవర్గమువారు మమ్ము కోరియుండిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న మాకు అది సుఖమైన విషయమే. కాని కొంతకాలముగా మనవారు మా యింటి యరుగుమీదికి తెచ్చుచున్న కాగితములు వేఱు. అవి తాఖీదులు. మీ కుటుంబమునకు అర్హత పోయిన పిదపను ఇంత సొమ్ము ముట్టినది, దానిని తిరిగి చెల్లింపవలయును అనునది వాని సారము. తెచ్చువారు వానిని కండువా మడతలో దాచి తెత్తురు. చదువునపుడు గొంతు తగ్గింపుమందురు. పదిమందిలో పలుకుటకు వెఱచెడి సంగతి గావుననే పదిమందిలో పలుకుట మంచిదని తోచి, అధ్యక్షులవారి యనుజ్ఞతో నేటి ప్రసంగమును దానికే వినియోగించుచున్నాము.

ముందుగా మా యింటి సంగతి చెప్పుదుము. మా తమ్మునికి రెండెకరముల మాగాణి కలదు. 2018 డిసెంబరు మొదలుకొని అమలులోనికి వచ్చిన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధిక్రింద అతనికి ఏటా ఆఱువేల రూపాయలు, రెండువేల చొప్పున మూడు వాయిదాలలో, బ్యాంకున జమయగుచుండెను. అది అతనికి న్యాయముగా రావలసిన సొమ్మే. పిమ్మట అతడు ఎరువుల దుకాణము పెట్టెను. మొదటి యేడే వ్యాపారము కలిసివచ్చెను. బ్యాంకు అప్పుకొఱకు లెక్కలు చూపవలసివచ్చి, 2021 జూలైలో తన జీవితమున మొదటిసారిగా ఆదాయపుపన్ను కట్టెను. ఆనాడు మాకు మిఠాయిపొట్లము కూడ పంపెను. గడచిన మదింపు సంవత్సరమున ఆదాయపుపన్ను కట్టినవారికి ఈ నిధి చెందదని నిబంధన కలదు. అతడెఱుగడు, పెద్దచదువులు చదివితిమనుకొనెడి మేమును ఎఱుగము. వాయిదాలు మాత్రము యథాప్రకారము వచ్చుచుండెను. అడుగకయే వచ్చెడి సొమ్మును చూచి ఇది యెందుకు వచ్చుచున్నదని ప్రశ్నించువారు లోకమున అరుదు.

2023లో తాఖీదు వచ్చెను. మొదటినుండి ముట్టిన పదుమూడు వాయిదాలు, ఇరువదియాఱువేల రూపాయలు, మరల కట్టవలెనని అందుండెను. అతడు దానిని బీరువాలో బట్టలక్రింద దాచెను. రెండునెలలు దుకాణములో ఎవరితోను సరిగా మాటలాడలేదట. మఱదలు చూచి మాకు ఫోను చేసెను. మేము వెళ్ళి యడుగగా, "అన్నయ్యా, నన్ను దొంగ యని వ్రాసినారు" అని తల వంచుకొనెను. మేము ఆ కాగితమును రెండుమాఱులు చదివితిమి. దొంగ యను మాట అందెక్కడను లేదు. అనర్హుడు అని మాత్రమే యున్నది. వెఱచిన కంటికి ఆ మాట ఈ మాటగా కనబడినది.

పలకయు బలపమును పట్టి బ్రతికినవారము గావున మేము చేసిన మొదటిపని లెక్క. బ్యాంకు పాసుపుస్తకమును పన్ను రసీదును ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. 2021 మే నెలలో వచ్చిన యెనిమిదవ వాయిదావఱకు అతడు పన్ను కట్టినవాడు కాడు. ఆ పదునాఱువేలు అతనివే. ఆగస్టులో వచ్చిన తొమ్మిదవదానినుండి ఐదు వాయిదాలు, పదివేల రూపాయలు, అతనివి కావు. ఈ సంగతిని అరపుటలో వ్రాసి, నకళ్ళు జతపఱచి, సంబంధించిన కార్యాలయమున ఇచ్చి చేవ్రాలుతో ముద్ర వేయించుకొంటిమి. మూడు పర్యాయములు తిరిగిన పిదప పదివేలకే తాఖీదు సవరింపబడెను. అతడు ఆ సొమ్మును కట్టి రసీదు తెచ్చుకొని ఆ రాత్రి అన్నము తినెను.

ఇందులో మేము నేర్చుకొన్న దొక్కటియే. అర్హత యనునది మనుష్యుని నుదుటివ్రాత కాదు. ఒక తేదీనాడు ఉండును, మఱియొక తేదీనాడు పోవును. తాఖీదు వ్రాయువారు పెక్కుసార్లు ఆ తేదీని చూడరు, అందుకొన్నవారును చూడరు. వారు అంతయు ఇమ్మందురు, వీరు ఏమియు ఇయ్యమందురు. ఆదాయము పెరిగిన దినమేది, ఆ సంగతి తెలిపిన దినమేది, సొమ్ము చేతికి వచ్చిన దినమేది అను మూడింటిని కాగితముమీద వరుసగా వ్రాసికొన్నచో సగము వివాదము అక్కడనే తీరును.

ఆదాయము ఎవరిదని చూడవలెనో అదియు పథకమునుబట్టి మాఱును. కిసాన్ నిధికి కుటుంబమనగా భర్త, భార్య, మైనరు బిడ్డలు మాత్రమే. కాబట్టి ఈడేరిన కుమారునికి హైదరాబాదులో ఉద్యోగమైనంతమాత్రమున తండ్రి వాయిదా పోదు. ఆంధ్రప్రదేశమున బియ్యముకార్డు, తల్లికి వందనము మొదలగువానికి కార్డులోని వారందఱును లెక్కకు వత్తురు. నెలసరి ఆదాయము గ్రామములలో 10,000, పట్టణములలో 12,000 రూపాయలు దాటరాదు. విద్యుత్తు వాడుక నెలకు సగటున 300 యూనిట్లు మించరాదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు గాక వేఱు నాలుగుచక్రముల బండి యుండరాదు. పారిశుద్ధ్యకార్మికులు మినహా ప్రభుత్వోద్యోగి యుండరాదు. తెలంగాణమున ఆహారభద్రతకార్డునకు ఏటికి గ్రామములలో లక్షయేబదివేలు, పట్టణములలో రెండులక్షలు హద్దు. కావున ఒకే జీతము ఒక సాయమును ముట్టదు, మఱియొకదానిని కొట్టివేయును. అన్నియు పోవునని భయపడి అన్నింటిని దాచువారు ఈ భేదమును తెలిసికొనవలెను.

"మాస్టారూ, అబ్బాయి పేరు కార్డునుండి తీయించి వేఱుకాపురమని వ్రాయించినచో సరిపోదా?" అని మమ్మడిగినవారు ఈ సభలోనే యున్నారు, వారి వంక చూడము. నిజముగా వేఱుపడినవారు అట్లు వ్రాయించుకొనుట న్యాయమే. ఇంట ఒక పొయ్యి, కాగితముమీద రెండు పొయ్యిలు పెట్టుట వేఱు సంగతి. ఎఱుగక పుచ్చుకొన్నది ఋణము, తీర్చుకొనవచ్చును. ఆ కాగితము పుట్టించిన పిదప పుచ్చుకొన్నదానికి వేఱుపేరు కలదు.

నారదస్మృతిలో దత్తాప్రదానికమను వ్యవహారపదము కలదు. ఇచ్చినదానిని ఎప్పుడు మరల పుచ్చుకొనవచ్చును, ఎప్పుడు కూడదు అను విచారణ అందున్నది. ఇచ్చినను ఇయ్యనట్లే యెంచదగినవి పదునాఱు విధములని లెక్కించి, భయముచేతను మోసముచేతను పొరపాటుచేతను ఇచ్చినవానితోపాటు, పాత్రుడని విని తెలియక అపాత్రునకు ఇచ్చినదానిని గూడ స్మృతికారుడు అందే చేర్చెను. దీనిని చదివినపుడెల్ల మాకు మా తమ్ముని తాఖీదు తలపునకు వచ్చును. అట్టిదానిని లోభముచేత పుచ్చుకొన్నవాడు దండింపదగినవాడని మాత్రము అక్కడ కలదు. తక్కిన విషయమున సొమ్ము చేయి మాఱలేదని భావింపవలెనన్నంతవఱకే. దాచియుంచిన పరాయిసొమ్ము వంటిది. అట్టి సొమ్మును మరల ఇచ్చుటలో తలవంపు లేదు.

ఇక న్యాయస్థానముల మాట. 2014 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము రఫీక్ మసీహ్ వ్యాజ్యెమున, ప్రభుత్వపు పొరపాటుచే జీతము హెచ్చుగా ముట్టిన మూడవ నాలుగవ తరగతుల యుద్యోగులనుండియు, విశ్రాంతి పొందినవారినుండియు, ఐదేండ్లకు మించి అట్లు చెల్లింపబడిన సందర్భములలోను తిరిగి వసూలు చేయరాదనెను. 2022లో కేరళకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని విషయమున గూడ అట్లే తీర్పు చెప్పెను. ఉపాధ్యాయునిది గావున ఆ తీర్పుమీద మాకు కొంత పక్షపాతము కలదని యొప్పుకొందుము. కాని మనవారిలో కొందఱు ఈ తీర్పులను ప్రతి తాఖీదునకును అడ్డు పెట్టుచున్నారు. అది సరికాదు. అవి జీతములనుగూర్చినవి. హెచ్చుగా వచ్చినచో తిరిగి యిత్తునని ముందే వ్రాసియిచ్చిన యుద్యోగికి ఆ రక్షణ లేదని 2016లో అదే న్యాయస్థానము చెప్పినది. మనము దరఖాస్తు చివర చదువకయే చేవ్రాలు చేయు స్వీయప్రకటన యేమని పలుకునో ఒకసారి చూచుకొనుడు. కిసాన్ నిధి క్రింద అనర్హులనుండి దేశమంతట 400 కోట్ల రూపాయలకు పైగా రాబట్టినట్లు 2025లో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. కావున ఎవరును అడుగరను ధైర్యము పనికిరాదు.

అయినను ప్రభుత్వములు చేయునదంతయు సబబని మేము చెప్పము. తెలంగాణమున 2024లో, కుటుంబపింఛనుతోపాటు ఆసరా పింఛను కూడ పుచ్చుకొన్నారని వృద్ధులకు తాఖీదులు పంపిరి. ఎన్నో యేండ్ల సొమ్మును ఒక్కమాఱుగా తెమ్మన్నచో ఆ ముసలివారు ఎక్కడినుండి తెత్తురు? గగ్గోలు పుట్టిన పిదప వసూళ్ళు నిలుపుడని ప్రభుత్వమే యాదేశించినది. గగ్గోలు పుట్టువఱకు ఆ ముసలివారికి నిద్రలేని రాత్రులెన్ని గడచెనో ఆ యాదేశములో లేదు.

మనము తెలిపినను ఆగని సందర్భములును కలవు. మా వీథిలో ఒక వితంతువునకు నెలకు నాలుగువేల పింఛను ఇంటికే తెచ్చి యిచ్చుచుండిరి. కూతురికి ప్రభుత్వోద్యోగము వచ్చినంతనే ఆమె సచివాలయమున అర్జీ యిచ్చెను. మఱునెల మొదటితేదీన సొమ్ము తెచ్చినవానితో వలదనెను. "అమ్మా, జాబితాలో పేరున్నది, పుచ్చుకొనక తప్పదు" అని అతడు వ్రేలిముద్ర వేయించుకొని చేతిలో పెట్టి పోయెను. ఎనిమిది నెలలు ఇట్లే జరిగెను. ఆమె ఆ సొమ్మును ముట్టక పోస్టాఫీసులో వేఱుగా వేసెను. తాఖీదు వచ్చిననాడు ముప్పదిరెండువేలును తీసికొనిపోయి కట్టి, అర్జీ నకలును బల్లమీద పెట్టి వచ్చెను. ఆమె మూడవతరగతి చదివినది. మేము నలుబది గ్రంథములు చదివియు ఈ యుపాయము తోచనివారము.

ఇక మన యింటికే వత్తము. మన సంఘపు విద్యార్థినిధినుండి ఏటా పేదబాలురకు వేతనము లిచ్చుచున్నాము. కుటుంబాదాయమును జూన్ నెలలో ఒకసారి అడుగుదుము, తర్వాత అడుగము. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలుని యక్కకు నడియేట ఉద్యోగమైనది. మిగిలిన నెలల వేతనమును అతడు పుచ్చుకొనెను. చెప్పవలెనని అతనికి చెప్పినవారు లేరు. మఱుసటి సర్వసభ్యసమావేశమున ఒక సభ్యుడు లేచి ఆ బాలుని పేరును సొమ్మును బిగ్గఱగా చదివెను. బాలుడు వెనుకవరుసలో నుండి లేచి వెళ్ళిపోయెను. వసతిగృహమునకు మరల రాలేదు. వారము తిరుగకముందే వాని తండ్రి సొమ్మంతయు, ఉద్యోగమునకు ముందటి నెలలదానితో సహా, తెచ్చి బల్లమీద పెట్టెను. ఆ నెలలది వలదనినను వినలేదు. కుర్చీ చూపితిమి, కూర్చుండలేదు. ఆ సమావేశమున మేము వేదికమీదనే యుంటిమి, మైకు మా చేతికందునంత దూరములోనే యున్నది. ఏమియు పలుకకుంటిమి.

ఆ దినమున పలుకవలసినది నేడు పలుకుచున్నాము. మన దరఖాస్తులో ఒక్క పంక్తి చేర్పవలెనని మా ప్రార్థన: ఇంటి ఆదాయము మాఱినచో ఆ తేదీని నెలదినములలో తెలుపుదుననునది. చెప్పినవానికి ఆ నెలవఱకు సాయము సాగవలెను. చెప్పుట మఱచినవానికి కార్యదర్శి మూసిన కవరులో ఉత్తరము వ్రాయవలెను. తేదీ తర్వాతి సొమ్మును మాత్రమే, వడ్డీ లేకుండ, ఆ యింటికి వీలైన వాయిదాలలో పుచ్చుకొనవలెను. ఎవని పేరును సభలో చదువరాదు. తిరిగివచ్చిన సొమ్ము ఆ నిధిలోనే చేరి తరువాతి విద్యార్థికి పోవలెను. దీనిని తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారికిచ్చితిమి. సాయంకాలపు సమావేశమున ప్రతిపాదింతురు.

మధ్యాహ్నభోజనానంతరము మేము తూర్పువసారాలో కూర్చుందుము. తాఖీదు వచ్చినవారు పాసుపుస్తకమును, జీతపు లేక పన్ను కాగితమును తీసికొని రండు. సొమ్ము కట్టుమని ఫోనులో ఎవడైన లంకె పంపినచో దానిని తెఱువక ఆ ఫోనును గూడ తెండు. ఇట్టి భయములమీద బ్రతుకు మోసగాండ్రు కొత్తగా పుట్టియున్నారు. వసారాకు తెర కట్టింపుడని సేవాదళము బాలురకు చెప్పియుంటిమి. మా తమ్ముడును అక్కడనే యుండును. తేదీలు చూచి లెక్క కట్టుటలో ఇప్పుడు మాకంటె అతడే నేర్పరి.