24 గంటల నొప్పి

అమ్మలారా, అక్కలారా! ఈ పూట పాఠం కాసేపు పక్కన పెడదాం. మా చెల్లెలి సంగతి చెబుతాను.

అప్పుడు దానికి 16 ఏళ్ళు. ఒకనాడు పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి అంది. అన్నం వద్దంది. వాంతి చేసుకుంది. అజీర్తి అనుకున్నాం. నాయనమ్మ ఆముదం తాగించింది. సాయంత్రానికి నొప్పి కుడివైపు, పొత్తికడుపులోకి దిగింది. దగ్గినా, అడుగు వేసినా విలవిల్లాడింది. జ్వరం కూడా వచ్చింది.

"ఆస్పత్రికి పోదాం" అన్నాను. "పెళ్ళి కావలసిన పిల్ల. కడుపు కోస్తే రేపు పిల్లలు పుడతారా?" అంది అమ్మ. ఆ మాటకు నేనూ నోరు మూసుకున్నాను.

తెల్లవారుజామున నొప్పి తగ్గిందంది. అందరం సంతోషించాం. అది తగ్గడం కాదు, లోపల పగలడం! మధ్యాహ్నానికి కడుపు చెక్కలా బిగిసింది. అప్పుడు పరుగెత్తాం. ఆపరేషన్ చేసి బతికించారు. కానీ చీము కడుపంతా పాకింది. చాలా రోజులు మంచం దిగలేదు.

ఏమిటీ జబ్బు? చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట, కుడివైపున, వేలంత తోక ఒకటి ఉంటుంది. దాని పేరు అపెండిక్స్. దాని నోరు మూసుకుపోతే అది వాస్తుంది, చీము పడుతుంది. అదే అపెండిసైటిస్. ఆలస్యమైతే పగులుతుంది. మనవాళ్ళు దీన్ని 24 గంటల నొప్పి అంటారు. అంటే 24 గంటలు ఆగి చూద్దామని కాదు. గడువు తక్కువ అని.

డాక్టరు కడుపు నొక్కి చూస్తారు. రక్తపరీక్ష, స్కానింగ్ చేయిస్తారు. నెల తప్పి ఉంటే ఆ మాట దాచకండి. గర్భం సంచిలో కాక పక్కన గొట్టంలో నిలిచినా ఇలాంటి నొప్పే వస్తుంది. అదీ ప్రాణానికి ముప్పే.

జబ్బు ఇదేనని తేలితే సాధారణంగా మత్తిచ్చి ఆ తోకను తీసేస్తారు. కొందరికి మందులతోనూ నయమవుతుంది. ఎవరికి ఏది మంచిదో డాక్టరు చెప్పాలి. తోక వేరు, గర్భసంచి వేరు. తోక తీసినంత మాత్రాన సంతానం ఆగదు. మా చెల్లెలి ఒళ్ళో ఇప్పుడు ఏడాది పాప ఉంది.

ఇలాంటి నొప్పి వస్తే ఆముదం పట్టకండి. కాపడం పెట్టకండి. వాతలు వద్దు. డాక్టరు చూసేదాకా తిండి పెట్టకండి. ఇంట్లో మగవాళ్ళు వచ్చేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి.

ఇక పుస్తకం తీయండి. ఈ ఒక్క వాక్యం రాయండి:

బొడ్డు దగ్గర పుట్టి కుడివైపుకు దిగిన నొప్పికి ఆ రోజే ఆస్పత్రి.

రాశారా? ఇంటికెళ్ళి అందరికీ చదివి వినిపించండి.