రాతిగని చెప్పు లెక్క



మన దేశమున ప్రయాణికుల రైలు మొదట నడచినది 1853వ సంవత్సరమున, బొంబాయి నుండి ఠాణాకు. అంతకు పూర్వమే మన గోదావరి యొడ్డున, ధవళేశ్వరము వద్ద, ఇనుప పట్టాలు పడినవి. వానిపై సాగినది జనము కాదు, రాయి. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టకు వలయు రాతిని ఆ బండ్లు కొండ నుండి చేరవేసినవి. కాటన్ దొర ఆ తావును కోరుటకు రాతికొండ చేరువనుండుటయు నొక కారణము.

ఇటీవల నేనా పాడువడిన గనిని చూచి వచ్చితిని. పట్టాలు లేవు. నిలువునా కోసిన కొండచరియయు, దాని క్రింద ముండ్లపొదలును మిగిలినవి. గ్రామలెక్కలు వ్రాయువాడను గాన, జమ కనబడినచోట ఖర్చును వెదకుట నాకు అలవాటు. డెల్టా పంట జమ. ఆ గుంట ఖర్చు. 1832-33 నాటి నందన కరవును తలచినపుడు కాటన్ దొరను తలతుము. ఆయనకు తోడ్పడిన వీణం వీరన్నగారిని తలతుము. సుత్తి పట్టిన వడ్డెరలలో ఒక్కరి పేరైనను మన నోట రాదు.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. అచ్చు పుస్తకముల నడుమ ఒక తెల్లకాగితముల పుస్తకమును గూడ ఉంచుడని నా మనవి. రాయి కొట్టినవారి, కాలువలు త్రవ్వినవారి వంశీకులు చెప్పగల పేర్లను, చెప్పినది చెప్పినట్లు, అందు వ్రాసికొందము. వృద్ధులు దాటిపోయిన పిదప ఆ పద్దును పూరించువారుండరు.