ట్యాకిల్ అనే మాట
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంగ్లీషు వాడుక గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చెప్పబోయేది ఒక్క మాట గురించే. ఆ మాట ట్యాకిల్.

నాకీ మాట పరిచయమైంది స్టోర్సులో. బరువులెత్తే కప్పీనీ తాళ్లనూ కలిపి బ్లాక్ అండ్ ట్యాకిల్ అంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనులో లిఫ్టింగ్ ట్యాకిల్ అనే మాట ఉండేది. పన్నెండు నెలలకొకసారైనా అర్హుడైన వాడు దాన్ని క్షుణ్ణంగా పరీక్షించాల్సి ఉండేది. ఆ రిజిస్టరు రాసి రాసి నా వేళ్లు అరిగాయి. గాలం, దారం వగైరా చేపలు పట్టే సరంజామా ఫిషింగ్ ట్యాకిల్. అసలీ మాట పుట్టిందే ఓడల తాళ్ల దగ్గర.

ఆటల్లోకి వస్తే ఫుట్‌బాల్‌లో జారుతూ బంతి లాక్కుంటే స్లైడింగ్ ట్యాకిల్. బంతి వెళ్లిపోయాక కాలు తగిలిస్తే లేట్ ట్యాకిల్. రగ్బీలో భుజాలకు పైన పట్టుకుంటే హై ట్యాకిల్, అది తప్పు. మన చెడుగుడుకూ ఇది వచ్చింది. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో, బరిలో ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు కూతకొచ్చిన వాణ్ణి పట్టేస్తే సూపర్ ట్యాకిల్, అదనంగా ఒక పాయింటు. మా మనవడు టీవీ ముందు ఎగిరి గంతేసేది దానికే.

ఇక కాగితాల మీద ట్యాకిల్ ఎ ప్రాబ్లమ్, ట్యాకిల్ పావర్టీ, ట్యాకిల్ క్రైమ్. నేరుగా ఎదుర్కొంటే చివర హెడ్ ఆన్ చేరుస్తారు. మనవాళ్లు చాలామంది ట్యాకిల్ విత్ ది ప్రాబ్లమ్ అని రాస్తారు. ఆ విత్ అక్కర్లేదు. నేనూ ఇరవయ్యేళ్లు రాశాను, దిద్దినవారు లేరు. ఇంకొక సంగతి. ట్యాకిల్ అంటే తలపడటమే గాని పరిష్కరించడం కాదు. మన బకాయిల విషయం ట్యాకిల్ చేస్తున్నామని జవాబొస్తే డబ్బు వచ్చేసిందనుకోకండి!

ఇదంతా ఎందుకు తవ్వానో చెబుతాను. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. రాత్రి వరండాలో కోడలితో, “ఇల్లు అమ్మే సంగతి నాన్నను నేను ట్యాకిల్ చేస్తాలే” అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. తెలుగులో మనం అధికారినీ, అప్పులవాణ్ణీ, మొండివాణ్ణీ ట్యాకిల్ చేస్తాం. కన్నతండ్రి ఆ వరసలో చేరాడన్నమాట.

తెల్లవారి కాఫీ తాగుతూ, “ఏరా, నేనేమన్నా సమస్యనా?” అని అడిగాను. వాడి మొహం మాడిపోయింది. “అది కాదు నాన్నా, ఎలా మొదలెట్టాలో తెలియక...” అన్నాడు. నిజమే, వాడి ఫ్లాటు కంతులు నాకు తెలియనివి కావు. “ఇంగ్లీషులో మనిషిని ట్యాకిల్ చేస్తే వెనకాల అబౌట్ వస్తుందిరా. ఫలానా దాని గురించి మొహం మీదే అడగడం. అలా అడుగు” అన్నాను.

అడిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా మాట్లాడుకున్నాం. మీ వదినగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆవిణ్ణి ట్యాకిల్ చేసే ధైర్యం మా ఇద్దరికీ లేదు.