పేరు కింద నేల



2022 మార్చి 1 రాత్రి. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో మా ఇంట్లో టీవీ ముందు రెండు పార్టీలు. గోవాలో మ్యాచ్ జరుగుతోంది. ఎర్ర చొక్కాల్లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ, పసుపు చొక్కాల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ. విజయనగరం నుంచి వచ్చిన మా బావమరిది, "తెలుగువాళ్లమై ఉండి హైదరాబాద్ పక్షం కాక ఇంకెవరి పక్షం ఉంటాం బావా" అన్నాడు. మా మనవడికి ఆ మాట నచ్చలేదు. వాడు ఇక్కడే పుట్టాడు, ఇక్కడి మైదానంలోనే బంతి తన్నడం నేర్చుకున్నాడు. నా వైపు తిరిగి, "తాతా, మనది ఏ టీమ్?" అని నిలదీశాడు. ఆ రాత్రి జంషెడ్‌పూర్ 3-0తో గెలిచింది. వాడడిగిన దానికి మాత్రం నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగంలో ఆ జవాబు చెబుతాను.

కథ చాలా వెనక నుంచి మొదలుపెట్టాలి. 1902లో జంషెట్జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఒక ఉత్తరం రాశారు. అప్పటికి ఉక్కు కార్ఖానా ఎక్కడ కట్టాలో తేలలేదు, ఊరికి పేరు లేదు, కంపెనీయే లేదు. ఆ ఉత్తరంలో ఆయన రాబోయే ఊరు ఎలా ఉండాలో చెప్పారు. వెడల్పాటి వీధులు వేయమన్నారు, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు నాటమన్నారు, గుళ్లకీ మసీదులకీ చర్చిలకీ చోటు చూడమన్నారు. వాటితోపాటు ఫుట్‌బాల్‌కీ హాకీకీ పెద్ద స్థలాలు విడిచిపెట్టమన్నారు. ఊరి కంటే ముందు ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానం కాగితం మీదికి వచ్చిందన్నమాట. 

1907లో కంపెనీ పెట్టారు. 1912లో సాక్చిలో మొదటి ఉక్కు బయటికి వచ్చింది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు ఆ స్టేషన్‌లోనే దిగారు. ఇప్పటికీ అక్కడి పల్లెల్లో ఎవరూ జంషెడ్‌పూర్ అనరు. "పెద్దోడు టాటాలో ఉన్నాడు" అంటారు. దిగినవాళ్లు స్టేషన్‌కి దగ్గర అని కొందరు, కార్ఖానాకి దగ్గర అని కొందరు బర్మామైన్స్‌లోనూ చుట్టుపక్కలా కాపురాలు పెట్టారు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని రోజుని మూడు ముక్కలు చేసుకుని బతికారు. షిఫ్టు దిగిన సాయంత్రాల్లో పిల్లల ఆట చూడడం వాళ్లకి ఖర్చు లేని సంబరం.

తెలుగు శ్రోతలకి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ వారు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసిన గురువు ఆయన. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు ఒక గోల్ కొట్టింది పి.కె. బెనర్జీ. జల్పాయిగురిలో పుట్టినా జంషెడ్‌పూర్‌లో చదివి, పదిహేనేళ్లకే బీహార్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడిన కుర్రాడు. ఆ జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. మరుసటి ఏడే, 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన శిష్యులిద్దరూ తర్వాత జంషెడ్‌పూర్ చేరారు.

1987లో ఇక్కడ టాటా ఫుట్‌బాల్ అకాడమీ మొదలైంది. దాని తొలి రోజుల్లో చునీ గోస్వామి, 1990లలో పి.కె. బెనర్జీ పిల్లల్ని తీర్చిదిద్దారు. దేశం నలుమూలల నుంచీ పదిహేను, పదహారేళ్ల పిల్లల్ని ఏరి తెచ్చి, తిండి పెట్టి, చదువు చెప్పించి, ఆట నేర్పారు. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, దీపక్ మండల్, సుబ్రతా పాల్ అందరూ ఈ అకాడమీ పిల్లలే. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడైన కల్యాణ్ చౌబే కూడా ఇక్కడ గోల్‌కీపర్‌గా నేర్చుకున్నవాడే. హైదరాబాద్‌లో రహీం వేసిన నారు జంషెడ్‌పూర్ మడిలో నాటుకుందని నేను నమ్ముతాను.

ముప్పై ఏళ్లపాటు ఈ ఊరు ఆటగాళ్లని పెంచి ఇతరులకి ఇచ్చింది. మోహన్ బగాన్‌కి, ఈస్ట్ బెంగాల్‌కి, గోవా క్లబ్బులకి. పెద్ద లీగులో ఆడే జట్టు మాత్రం ఊరికి లేదు.

ఇక్కడ కాసేపు జపాన్ వెళదాం. మన ఊరి లాంటి ఊరు అక్కడొకటుంది, దాని పేరు కషిమా. సముద్రపు ఒడ్డున ఉక్కు కార్ఖానా. సుమితోమో మెటల్ కంపెనీ 1947లో ఒసాకాలో ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టి, 1975లో దాన్ని ఈ ఉక్కు ఊరికి తెచ్చింది. పని దిగి ఆడే కార్మికుల జట్టు. జపాన్‌లో వృత్తి ఆటగాళ్ల లీగు పెట్టాలనుకున్నప్పుడు దాని పెద్ద కవాబుచి, క్లబ్బులు కంపెనీ పేరు వదిలి ఊరి పేరు పెట్టుకోవాలని పట్టుబట్టారు. కషిమా వాళ్లు వెళ్లి మాకూ చోటివ్వండి అంటే, పదిహేను వేలమంది కూర్చునే, పైకప్పు ఉన్న స్టేడియం కడితే తప్ప కుదరదన్నారు. అంత చిన్న ఊరికి అది సాధ్యం కాదని ఆయన అంచనా. కట్టారు. 1991లో బ్రెజిల్ మహా ఆటగాడు జీకోని రెండో డివిజన్‌లో ఉన్న తమ జట్టులోకి తెచ్చుకున్నారు. అక్కడి ప్రాచీన ఆలయపు జింకల గుర్తుగా జట్టుకి కషిమా యాంట్లర్స్, అంటే జింక కొమ్ములు అని పేరు పెట్టుకున్నారు. 1993 మే 16న లీగులో తమ తొలి మ్యాచ్‌లో నగోయా జట్టుని 5-0తో ఓడించారు. మూడు గోల్స్ జీకోవే. 1996 నుంచి 2016 లోపు ఎనిమిదిసార్లు లీగు గెలిచారు.

2012లో సుమితోమో మెటల్ నిప్పాన్ స్టీల్‌లో కలిసింది. అదే నిప్పాన్ స్టీల్ జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌తో కలిసి, 51, 49 వాటాలతో కార్లకి వాడే పల్చటి ఉక్కు రేకు తయారుచేస్తోంది. కషిమా క్లబ్బుని పెంచిన చెయ్యి మన కార్ఖానాలోనూ ఉందన్నమాట. 2019లో కషిమా క్లబ్బులో పెద్ద వాటా మెర్కారీ అనే మరో కంపెనీకి వెళ్లింది. యజమాని మారాడు గానీ జట్టు కషిమాలోనే ఉంది.

మన దగ్గర 2017 జూన్‌లో టాటా స్టీల్ ఇండియన్ సూపర్ లీగులో జట్టు హక్కు సంపాదించింది. కంపెనీ తన పేరు పక్కన పెట్టి ఊరి పేరు పెట్టింది. నా దృష్టిలో ఆ ఏడాది తీసుకున్న నిర్ణయాల్లో అదే గొప్పది. మహీంద్రా యునైటెడ్, జేసీటీ క్లబ్బులు అంతకు ముందు కొద్ది ఏళ్లలోనే మూతపడ్డాయి. కంపెనీ పేరు మోసిన జట్లు కంపెనీ మనసు మారగానే పోయాయి.

తొలి కోచ్ స్టీవ్ కొపెల్. 2017 నవంబర్‌లో గువాహటిలో తొలి మ్యాచ్ 0-0. డిసెంబర్ 1న జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో సొంత గడ్డ మీద తొలి మ్యాచ్, అదీ 0-0. గోల్ పడకపోయినా జనం కదల్లేదు. అకాడమీ పిల్లాడు సుబ్రతా పాల్ ఇప్పుడు ఊరి జట్టుకి గోల్ కాశాడు. బీ షిఫ్టు పడ్డవాళ్లు సీ షిఫ్టు వాళ్లని బతిమాలి మార్చుకుని వచ్చారు. ఫ్యాక్టరీ బూట్లతోనే మెట్ల మీద కూర్చున్నవాళ్లని చూశాను. "జమ్ కే ఖేలో" అన్న కేక ఆ మెట్ల మీద నుంచే లేచింది.

తర్వాతి మూడేళ్లు మామూలుగా గడిచాయి. టిమ్ కాహిల్ లాంటి ఆస్ట్రేలియా దిగ్గజం వచ్చి ఆడి వెళ్లాడు. అసలు సంగతి అయిదో సీజన్‌ది. ఓవెన్ కాయిల్ కోచ్. స్కాట్లండ్ ఆటగాడు గ్రెగ్ స్టీవర్ట్ 10 గోల్స్ కొట్టి, మరో 10 కొట్టించాడు. చివరి ఏడు మ్యాచ్‌లు వరుసగా గెలిచారు. 2022 మార్చి 7న మోహన్ బగాన్‌తో ఆఖరి మ్యాచ్. లీగు పట్టికలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ అటు పక్షానికీ అందే అవకాశం ఉంది. రెండో సగంలో ఋత్విక్ దాస్ గోల్ కొట్టాడు. 1-0. ఇరవై మ్యాచ్‌లు, 43 పాయింట్లు, లీగ్ షీల్డ్ జంషెడ్‌పూర్‌ది.

ఇప్పటికీ నా గుండె కలుక్కుమనే సంగతి ఏమంటే, కరోనా వల్ల ఆ సీజన్‌లోనూ అంతకు ముందు సీజన్‌లోనూ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. ఊరికి దక్కిన అతి పెద్ద గెలుపుని ఊరి మైదానం చూడలేదు. ఆ రాత్రి జేఆర్‌డీ కాంప్లెక్స్‌లో ఒక్క దీపమూ వెలగలేదు. మా వీధిలో మాత్రం పటాకులు కాల్చారు.

షీల్డ్ తర్వాత కప్ కోసం ఆడిన సెమీఫైనల్‌లో కేరళ చేతిలో ఓడాం. మార్చి 20న హైదరాబాద్ అదే కేరళని పెనాల్టీల్లో ఓడించి కప్ గెలిచింది. షీల్డ్ జంషెడ్‌పూర్‌కి, కప్ హైదరాబాద్‌కి. మా బావమరిదీ మనవడూ రాజీపడ్డ రోజు అది.

మరుసటి సీజన్‌లో మన జట్టు పదో స్థానానికి పడిపోయింది. మళ్లీ లేచి, ఖాలిద్ జమీల్ శిక్షణలో 2025లో సెమీఫైనల్ దాకా, సూపర్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ జట్టులో జపాన్ కుర్రాడు రేయి తాచికావా కూడా ఎర్ర చొక్కా తొడుక్కుని ఆడాడు. అదే ఏడు ఆగస్టులో జమీల్‌ని భారత జట్టు కోచ్‌గా తీసుకున్నారు.

మరి హైదరాబాద్ ఎఫ్‌సీ? 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో పుట్టిన జట్టు అది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రహీం సాబ్ పుట్టిన ఊరికి పెద్ద లీగులో జట్టు లేకుండా పోయింది. ఆ వార్త విన్నరోజు మా బావమరిది ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేకపోయాడు. ఊరి పేరు పెట్టుకోవడం ఒక్కటే చాలదు. ఆ పేరు కింద నేల ఉండాలి. నేల అంటే అకాడమీ, పిల్లల లీగులు, షిఫ్టు మార్చుకుని వచ్చే జనం.

బాబూ, నువ్వు ఆరోజు అడిగావు కదా. మన ముత్తాత శ్రీకాకుళంలో రైలెక్కి ఇక్కడ దిగాడు. మనది జంషెడ్‌పూర్ టీమ్.

బర్మామైన్స్‌లో ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకి ఒక్క మనవి. ఈసారి జేఆర్‌డీలో మ్యాచ్ పడినప్పుడు బీ షిఫ్టు ఉంటే ముందుగానే మార్చుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆట మొదలయ్యేలోపు వాళ్లకి రహీం సాబ్ పేరు చెప్పండి.